ఆరు నెలల తర్వాత మళ్ళీ ఫీల్డుకు: ముందు ఏది చూసుకోవాలి?

నీవా ఒడ్డు:
అందరికీ వందనాలు. ఆరు నెలలు చిత్తూరులో ఉండి జూన్ మొదటి వారంలో ఒడిశాలోని రాయగడ జిల్లాకి, మా సువార్త పని జరిగే ఫీల్డుకు, తిరిగి వెళ్తున్నాం. పిల్లలకు తొమ్మిదేళ్ళు, నాలుగేళ్ళు. అక్కడి ఇంటికి తాళం వేసి ఉంది. సంఘాన్ని ఆ ఊరి బ్రదరే చూసుకుంటున్నారు. ప్రార్థన చేయండి, కానీ పనులు కూడా చెప్పండి.

తిరుపతి నర్సు:
అన్నా, ముందు మలేరియా. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటే ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. నెలల పాటు దూరంగా ఉంటే అది తగ్గిపోతుంది. "మాకు అలవాటేలే" అనుకుని వానలకు ముందు దిగేవాళ్ళే మంచాన పడతారు. మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్ర అక్కడే కాపురం ఉండేవాళ్ళకు సరిపడదు, అది ఆరు వారాల లోపు ప్రయాణాలకు. చిన్నవాడి వయసుకు అసలే ఇవ్వరు.

దోమతెరే ఆధారం. మందు తెర మూడేళ్ళు లేదా 20 ఉతుకుల దాకా పనిచేస్తుంది. మామూలు సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి, ఎండకు మందు పోతుంది. జ్వరం వస్తే 24 గంటల్లోపు ఆశా కార్యకర్త దగ్గర వేలి రక్తం పరీక్ష చేయించండి. పారాసిటమాల్‌కు దిగిపోయిందని పరీక్ష మానొద్దు.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు: వైవాక్స్ రకం మలేరియా వస్తే ప్రిమాక్విన్ మాత్ర 14 రోజులు వేయాలి. రక్తకణాల్లో జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు ఆ మాత్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఇంట్లో నలుగురికీ ఆ పరీక్ష ఇక్కడే చేయించి కాగితాలు వెంట ఉంచుకోండి. వేలూరు మీకు 35 కిలోమీటర్లే కదా.

పుంగనూరు అన్న:
రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. విజయనగరంలో మారాలి, అక్కడ రెండు రైళ్ళ మధ్య గంటన్నర తేడా పెట్టుకోండి, రైలు ఆలస్యమైతే పిల్లలతో ఇబ్బంది.

ఇంట్లో మొదట నీళ్ళ ట్యాంకు. అడుగు మట్టి తీసి కడిగి నింపండి. వెయ్యి లీటర్లకు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు బకెట్‌లో కలిపి, సున్నం దిగాక పై తేట మాత్రం పోయండి. రాత్రంతా ఉంచి, కుళాయిల గుండా మొత్తం వదిలేయాలి. ఆ నీళ్ళు తాగకూడదు.

ఇన్వర్టర్ బ్యాటరీలో ప్లేట్లు బయటపడి ఉంటే వెంటనే నిండా పోయకండి. ప్లేట్లు మునిగేంత డిస్టిల్డ్ వాటర్ పోసి, పూర్తిగా చార్జింగ్ అయ్యాక గీత దాకా నింపండి. ముందే నింపితే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికి కారుతుంది.

నీవా ఒడ్డు:
చాలా ఉపయోగం అన్నా. మొదటి ఆదివారం వాక్యం నేనే చెప్పాలంటారా?

పుంగనూరు అన్న:
వద్దు. కింద అందరితో కూర్చుని వినండి. ఆరు నెలలు నడిపిన బ్రదర్‌ను పక్కకు నెట్టినట్టు అవుతుంది. మీరు లేనప్పుడు చావు జరిగిన ఇళ్ళకు ముందు వెళ్ళండి, ఆ తర్వాతే మిగతా ఇళ్ళు. అక్కడి కువి భాష మన తెలుగుకు చుట్టమే అయినా ఆరు నెలలకు నాలుక మొద్దుబారుతుంది, ఆ ఇళ్ళలో వింటూ కూర్చుంటే దారిలో పడుతుంది. కానుకల పుస్తకం మాత్రం మొదటి వారంలోనే ఇద్దరు పెద్దల ఎదుట లెక్క చూసి, ముగ్గురూ సంతకం పెట్టండి. రెండు నెలలు ఆగి అడిగితే అనుమానపడ్డట్టుంటుంది.