రాత్రి రెండు దాటాక ఏరియేటర్ ఆగినా యాప్ అలారం మోగట్లేదు, ఎట్లా సరిచేయాలి?

విడవలూరు వైపు ఎకరం వెనామీ రొయ్యల చెరువు, నీళ్లలో ఆక్సిజన్ కలిపే ఏరియేటర్లు నాలుగు. ఒక ఫేజ్ పోయినా, ఫ్యూజ్ కొట్టేసినా స్టార్టర్‌కి బిగించిన సిమ్ బాక్స్ ఫోన్‌లోని యాప్‌కి కబురు పంపాలి. పగలు క్షణాల్లో వస్తుంది. రాత్రి మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకున్నాకే నాలుగైదు మెసేజీలు ఒక్కసారిగా పడతాయి. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే గదా. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి దిగాక అరగంట ఆలస్యం కూడా ఎక్కువే.

అనుమానం ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న డోజ్ మీద. స్క్రీన్ ఆరి, ఛార్జింగ్ లేకుండా, కదలకుండా ఉన్న ఫోన్‌లో అది యాప్‌లకు నెట్ ఆపేసి, మధ్యమధ్యలో కాసేపే వదులుతుంది. బ్యాటరీ సెట్టింగ్ అన్‌రెస్ట్రిక్టెడ్‌లో ఉంది, ఆటోస్టార్ట్ ఆన్‌లో ఉంది, ఆండ్రాయిడ్ 13 అడిగే నోటిఫికేషన్ అనుమతీ ఇచ్చాం. డునాట్ డిస్టర్బ్‌లో మినహాయింపు కూడా ఉంది. ఇంకేం మిగిలింది?

ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటే డోజ్ రాదు. కానీ కరెంటు పోయిందని చెప్పాల్సిన ఫోన్‌కి కరెంటే కావాలంటే ఎట్లా! పవర్ బ్యాంకుకు తగిలించి చూసినవాళ్లున్నారా?

రెండోది, మెసేజ్ బదులు బాక్స్ నేరుగా కాల్ చేస్తే డోజ్ గొడవే ఉండదు. మా బాక్స్ 2జీది, జియో సిమ్ పనిచేయదు. 4జీ బాక్స్‌కి మారినవాళ్లు చెప్పండి: కరెంటు పోయాక లోపలి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, మొదటి కాల్ ఎత్తకపోతే రెండో నంబరుకు చేస్తుందా?