ఎల్లిస్ మార్సాలిస్ బడి పాఠాలకే ఉండిపోవడం వల్ల ఆయన పియానో నష్టపోయిందా?

ప్రశ్న:
నేను పాఠశాలలో సంగీతం నేర్పుతూ, సాయంత్రాలు కీబోర్డు సాధన చేసుకుంటాను. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన జాజ్ పియానిస్టు ఎల్లిస్ మార్సాలిస్ (1934–2020) గురించి చదివినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. 1962లో పేరున్న జాజ్ వాద్యకారులు నాట్, కెనన్‌బాల్ ఆడర్లీ సోదరులు ఆ నగరానికి వచ్చి రికార్డు చేసినప్పుడు పియానో వాయించినది ఆయనే. అంత చేయి తిరిగిన కళాకారుడు న్యూయార్కులో స్థిరపడకుండా పిల్లలకు పాఠాలు చెబుతూ ఉండిపోయారు. దానివల్ల ఆయన సంగీతానికి నష్టం జరిగిందంటారా?

మొదటి సమాధానం:
ముందుగా ఆయన ఇంటి పరిస్థితి చూడాలి. ఆరుగురు కొడుకులు. ఆయన మనసు పెట్టి వాయించినది బీబాప్ తరహా ఆధునిక జాజ్ కాగా, ఆ ఊరికి వచ్చే పర్యాటకులు డబ్బిచ్చి వినేది పాత బాణీ. అందుకే 1960ల చివర్లో ట్రంపెట్ వాద్యకారుడు ఆల్ హర్ట్ బృందంలోనూ వాయించారు. అయితే ఉపాధ్యాయ వృత్తి ఆయనకు గత్యంతరం లేక దొరికినది కాదు. 1955లో డిలార్డ్ విశ్వవిద్యాలయం నుంచి ఆయన తీసుకున్న పట్టా సంగీత విద్యలోనే.

రెండో సమాధానం:
1974 నుంచి ఆయన న్యూ ఆర్లీన్స్ సెంటర్ ఫర్ క్రియేటివ్ ఆర్ట్స్‌లో బోధించారు. పిల్లలు రోజులో సగం తమ మామూలు బడిలో చదువుకుని, మిగతా సగం అక్కడ సంగీతం నేర్చుకునేవారు. సొంత కొడుకులు బ్రాన్‌ఫర్డ్, వింటన్‌లతో పాటు, తర్వాత సంగీతంలో పేరు పొందిన టెరెన్స్ బ్లాంచర్డ్, డోనల్డ్ హారిసన్, హ్యారీ కానిక్ జూనియర్ ఆయన దగ్గర చదివినవారే. జవాబు తాను చెప్పేయకుండా, శ్రద్ధగా విని, ప్రయత్నించి, విద్యార్థే కనుక్కునేలా చేయడం ఆయన పద్ధతి. మన సంగీతంలో మనోధర్మం ఎలా అలవడుతుందో తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. స్వరలిపి చూడకుండా పన్నెండు బార్ల (బార్ అంటే మన తాళపు ఆవర్తం లాంటి కొలత) బ్లూస్‌లో నాలుగే నాలుగు బార్లను చెవితో పట్టుకోవడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. ఎడమచేయి ఎక్కడ వాయించకుండా ఆగుతోందో అప్పుడే మొదటిసారి వినబడింది. రోజూ పిల్లలతో ఇలా వినే సాధన చేయించేవారి చెవి మొద్దుబారుతుందని నేను అనుకోను.

మూడో సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే, నష్టం అసలు లేదనడం సరికాదని నా అభిప్రాయం. కొలంబియా రికార్డుల సంస్థ ఆయన సొంత ఆల్బమ్‌లు వేసే నాటికి ఆయనకు యాభై అయిదేళ్లు దాటాయి. బయటి ప్రపంచం చాలాకాలం ఆయనను ప్రసిద్ధ ట్రంపెట్ కళాకారుడు వింటన్ తండ్రిగానే గుర్తించింది. కానీ వాయించడం మాత్రం ఆగలేదు. ఫ్రెంచ్‌మెన్ వీధిలోని స్నగ్ హార్బర్ అనే జాజ్ క్లబ్బులో శుక్రవారం రాత్రులు దశాబ్దాలపాటు ఆయనవే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ నాలుగు బార్ల సాధనను ఈ వారమే మా ఎనిమిదో తరగతి పిల్లలతో చేయిస్తాను, వారితో పాటు నేనూ కూర్చుంటాను.