పాత జీఎంసీ ట్రక్కు: నాలుగు నుంచి మూడుకు దించితే గేర్లు ఎందుకు అరుస్తున్నాయి?

పాతచక్రం
రెండో ప్రపంచ యుద్ధ కాలపు జీఎంసీ సీసీకేడబ్ల్యూ నడపడం నేర్చుకుంటున్నాను. రెండున్నర టన్నుల, మూడు ఇరుసుల ట్రక్కు. గేర్‌బాక్సులో సింక్రోమెష్ (గేర్లు కలిసే ముందు వాటి వేగాలను సమం చేసే అమరిక) లేదు. పై గేర్లు వేయడంలో పెద్దగా ఇబ్బంది లేదు. దించేటప్పుడే, అందులోనూ నాలుగు నుంచి మూడుకు, పళ్లు కరకరమంటున్నాయి. క్లచ్ రెండుసార్లు, అంటే న్యూట్రల్‌కు ఒకసారి, గేరుకు మరోసారి తొక్కే పద్ధతి తెలుసు, అలాగే చేస్తున్నాను. అయినా ఒకసారి వెన్నలా పడుతుంది, మరోసారి లివరు చేతిలో ఎగిరిపడుతుంది. తేడా ఎక్కడ వస్తోంది?

తీరికవేళ
ముందు క్లచ్ పూర్తిగా విడుతోందో లేదో చూడండి. బండి నిలిపి, ఇంజిను ఆడుతుండగా క్లచ్ తొక్కి, కొన్ని క్షణాలు ఆగి రివర్సు వేయండి. అప్పుడూ అరిస్తే తప్పు మీది కాదు, క్లచ్ సర్దుబాటుది.

పాతచక్రం
చూశాను. రివర్సు చప్పుడు లేకుండా పడుతోంది.

గేరుచెవి
అయితే క్లచ్ సంగతి వదిలేయండి. చూడాల్సింది మీ కుడికాలును.

రెండుసార్లు తొక్కడమే విద్య అనుకుంటారు చాలామంది. అసలు పని ఆ రెండు తొక్కుళ్ల మధ్య జరుగుతుంది. లివరు న్యూట్రల్‌లోకి వచ్చాక క్లచ్ వదలాలి, వదిలాకే రేజ్ చేయాలి, అంటే యాక్సిలరేటరు తొక్కి ఇంజిను వేగం పెంచాలి. క్లచ్ తొక్కిపెట్టి ఎంత రేజ్ చేసినా ఇంజిను ఒక్కటే కేకలు పెడుతుంది, గేర్‌బాక్సు లోపలి షాఫ్టుకు ఆ వేగం అందదు. నేను పక్కన కూర్చుని చూసినవాళ్లలో సగం మంది పాదం సరిగ్గా ఇక్కడే తొందరపడుతుంది.

ఇక ఎంత రేజ్ చేయాలి? మీ గేర్‌బాక్సులో నాలుగోది డైరెక్టు. ఇంజిను ఒక చుట్టు తిరిగితే వెనక షాఫ్టూ ఒక చుట్టే తిరుగుతుంది. మూడో గేరులో అదే ఒక్క చుట్టుకు ఇంజిను దాదాపు 1.8 చుట్లు తిరగాలి. నాలుగులో ఇంజిను 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉందనుకోండి. బండి వేగం మారకుండా మూడు పడాలంటే ఇంజిను 2,160కి చేరాలి, అంటే దాదాపు వెయ్యి పెరగాలి. కొత్తవాళ్లు జంకుతూ మూడు నాలుగు వందలు పెంచి లివరు లాగుతారు. పళ్లు అరవక ఏం చేస్తాయి?

అదే 1,700 దగ్గర దించబోతే 3,060 కావాలి. ఆ ఇంజినుకు గవర్నరు (వేగం మితిమీరకుండా ఆపే పరికరం) గీసిన హద్దు 2,750. ఇక మీరెంత నేర్పరి అయినా ఆ వేగంలో మూడు పడదు. ఒకసారి పడి మరోసారి పడకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. దించే వేగం ప్రతిసారీ మారుతోంది, మీరిచ్చే రేజ్ మాత్రం మారడం లేదు.

ఆ ట్రక్కులో ట్యాకోమీటరు (ఇంజిను చుట్లు చూపే మీటరు) ఉండదు. ఒక్కో గేరుకు గరిష్ఠ వేగం చెక్కిన పలక డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది, దాన్ని చదవండి. మూడో గేరుకు రాసిన వేగంలో మూడింట రెండు వంతులకు బండి వచ్చేదాకా దించే ఆలోచనే పెట్టుకోకండి. అక్కడ ఇంజిను కూత ఎలా ఉంటుందో చెవికి పట్టించండి. మూడో గేరులోనే ఆ వేగంతో కొంతదూరం నడిపితే వినబడేదే, మీరు రేజ్ చేసి అందుకోవాల్సిన శబ్దం.

లివరును గుప్పిట బిగించి పట్టుకోకండి. రెండు వేళ్లతో, అరచేతి ఒత్తిడితో మూడో గేరు గుమ్మం దాకా తెచ్చి ఆపండి. లోపలి పళ్లు దగ్గరపడుతుంటే సన్నని వణుకు వేళ్లకు తెలుస్తుంది. వేగాలు కలిసిన క్షణాన అది ఆగి, లివరు దానంతట అదే లోపలికి జారుతుంది. కదిలే బస్సు ఎక్కేవాడు దాని వేగంతో పరుగెత్తి కాలు పెట్టినట్టే. వణుకు మీద బలం ప్రయోగిస్తే మాత్రం పళ్ల అంచులు గుండ్రపడతాయి, ఆ తర్వాత గేరు జారిపోవడం మొదలవుతుంది.

నూనెమరక
ఇంత తతంగం ఎందుకు? వేగాలు కలిస్తే క్లచ్ తొక్కకుండానే గేరు పడుతుంది. నేను పెద్ద లారీలు అలాగే నడుపుతాను.

గేరుచెవి
పడుతుంది, కాదనను. క్లచ్ లింకేజీ (పెడలును క్లచ్‌తో కలిపే అమరిక) తెగిపోయిన రోజున బండిని ఇంటికి చేర్చేది ఆ విద్యే. కానీ ఎనభై ఏళ్ల నాటి గేర్లతో రోజూ ఆ ఆట వద్దు. అంచనా కాస్త తప్పినా ఇంజిను బరువంతా ఆ పళ్ల మీదే పడుతుంది. క్లచ్ తొక్కి ఉంటే తప్పినా దెబ్బ చిన్నది.

ఆకుపచ్చబండి
నాది ఎం35ఏ2 సైనిక ట్రక్కు. రెండు నుంచి ఐదు వరకు సింక్రో ఉంది. నాకూ ఇదంతా అవసరమా?

గేరుచెవి
తప్పనిసరి కాదు. కానీ దించేటప్పుడు రేజ్ ఇస్తే సింక్రో రింగులు ఎక్కువకాలం బతుకుతాయి. మీ మల్టీఫ్యూయల్ (పలు ఇంధనాలతో నడిచే) ఇంజిను వేగం నెమ్మదిగా దిగుతుంది, కాబట్టి పై గేరు వేసేటప్పుడు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఎక్కువ ఆగండి. ఒకటో గేరుకు సింక్రో లేదు, బండి ఆగాకే వేయండి.

పాతచక్రం
పలక చూశాను. నేను దించబోతున్న వేగం చాలాసార్లు మూడో గేరు హద్దుకు పైనే ఉంది! ఇప్పుడు నెమ్మదించి దించుతుంటే నాలుగింట మూడుసార్లు చప్పుడు లేదు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మాత్రం పై గేర్లు కూడా మొరాయిస్తున్నాయి.

గేరుచెవి
చల్లటి నూనె చిక్కగా ఉండి లోపలి షాఫ్టును త్వరగా ఆపేస్తుంది. అందుకే ఉదయం పై గేరుకు ఆగకుండా చకచకా మార్చాలి, నూనె వేడెక్కాక నింపాదిగా. దించేటప్పుడు ఉదయం రేజ్ కాస్త ఎక్కువే ఇవ్వండి. దిగుడు మొదలయ్యాక మాత్రం గేరు దించే ప్రయత్నం చేయకండి. న్యూట్రల్‌లో ఉండగా బండి వేగం పుంజుకుని, ఏ గేరూ పడని స్థితికి వస్తుంది. వాలు కనిపించగానే, ఇంకా చదునులో ఉండగానే మూడు వేసేయండి.

పాతచక్రం
ఇంకొక్కటి. గట్టి రోడ్డు మీద ముందు ఇరుసు డ్రైవు (ముందు చక్రాలకూ ఇంజిను శక్తి అందించేది) వేసి బండిని కాస్త తిప్పాను. ఇప్పుడు ఆ లివరు వెనక్కి రావడం లేదు.

గేరుచెవి
సుత్తి తీయకండి. మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరాలు వేరు. గట్టి నేల మీద టైర్లు జారవు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికలా బిగుసుకుంటుంది. స్టీరింగు నిటారుగా పెట్టి, రివర్సులో కొన్ని గజాలు వెనక్కి పోనిచ్చి, లివరు మీద చేయి ఆనించి ఉంచండి. మెలిక వీడగానే వచ్చేస్తుంది. ఇకమీదట దాన్ని బురదలోనో ఇసుకలోనో వేయండి.