ఒకే ఉద్యోగం, మూడు ఏజెన్సీలు: గంటకు 58, 52, 68 డాలర్లు. ఏది నిజంగా ఎక్కువ?

మల్లెపందిరి (ప్రశ్న)

నమస్కారం అండీ. నేను అమెరికాలో హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వీసా వాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఉన్నాను, ఉండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. ప్లేనోలో ఒక జావా డెవలపర్ కాంట్రాక్ట్‌కి మూడు ఏజెన్సీల నుంచి మెయిల్స్ వచ్చాయి. 12 నెలలు, వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి. జాబ్ డిస్క్రిప్షన్ మూడింటిలోనూ దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

మొదటి ఏజెన్సీ: డబ్ల్యూ2 (ఏజెన్సీ ఉద్యోగిగా జీతం), గంటకు 58, బెనిఫిట్స్ ఏమీ లేవు.
రెండోది: డబ్ల్యూ2, గంటకు 52, పది హాలిడేస్, పది రోజుల పీటీవో (జీతంతో సెలవు), హెల్త్ ఇన్సూరెన్స్.
మూడోది: సీ2సీ (కార్ప్-టు-కార్ప్, అంటే సొంత కంపెనీ ద్వారా), గంటకు 68, నెట్ 45 (ఇన్‌వాయిస్ ఇచ్చిన 45 రోజులకు డబ్బు).

మొదటి ఇద్దరూ ఈరోజే ఆర్‌టీఆర్ (నా ప్రొఫైల్ క్లయింట్‌కి పంపడానికి ఏజెన్సీకి ఇచ్చే అనుమతి) మెయిల్‌కి "కన్ఫర్మ్" అని రిప్లై ఇమ్మంటున్నారు. 68 వైపే మనసు లాగుతోంది. ఎలా పోల్చుకోవాలో చెప్పండి.

గోదారిగట్టు

రేట్ల సంగతి తర్వాత, ముందు ఆ కన్ఫర్మ్ ఆపండి. మూడూ ఒకే పొజిషన్ అయి, ఇద్దరికి ఆర్‌టీఆర్ ఇస్తే మీ ప్రొఫైల్ క్లయింట్ పోర్టల్‌లోకి రెండుసార్లు వెళ్తుంది. డబుల్ సబ్మిషన్ అని చాలా చోట్ల ఇద్దరి సబ్మిషన్లూ పక్కన పెట్టేస్తారు. అప్పుడు 58 ఉండదు, 68 ఉండదు.

ముగ్గురినీ ఒకే మూడు విషయాలు అడగండి: క్లయింట్ పేరు, ఫీల్డ్‌గ్లాస్ లేదా బీలైన్‌లో (క్లయింట్లు కాంట్రాక్ట్ ఉద్యోగాలు పెట్టే పోర్టళ్లు) ఉన్న జాబ్ ఐడీ, వాళ్లకీ క్లయింట్‌కీ మధ్య ఎంతమంది ఉన్నారు. జాబ్ ఐడీ చెప్పలేకపోతున్నారంటే సాధారణంగా వాళ్లు రెండో మూడో లేయర్‌లో ఉన్నట్టు. లేయర్ పెరిగినకొద్దీ మధ్యవాళ్లు గంటకు కొన్ని డాలర్ల చొప్పున తీసుకుంటారు. క్లయింట్ కట్టే బిల్ రేట్ ఒకటే అయినా మీ దాకా వచ్చే అంకె మారేది ఇక్కడే.

ఆర్‌టీఆర్‌లో క్లయింట్ పేరు, రేట్, డబ్ల్యూ2నా సీ2సీనా, తేదీ, ఈ నాలుగూ లేకపోతే రిప్లై ఇవ్వకండి. "ఆల్ ఇంక్లూజివ్" అని ఉంటే ప్రయాణం, ల్యాప్‌టాప్, అన్నీ ఆ అంకెలోనే అని అర్థం.

పేరోల్_పద్దు

గంట రేటును గంట రేటుతో పోల్చితే తప్పు లెక్క వస్తుంది. ఏడాదికి పనిచేసే గంటలతో మొదలుపెట్టాలి.

52 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 2080. ఇందులో 10 హాలిడేస్, 10 రోజులు సెలవు తీసేస్తే 160 గంటలు పోయి 1920 మిగులుతాయి.

మొదటి ఆఫర్‌లో పని చేసిన గంటకే డబ్బు, కాబట్టి 58 × 1920 = 1,11,360. రెండోదాంట్లో సెలవు రోజులకూ జీతం వస్తుంది గనక 52 × 2080 = 1,08,160. దీన్ని 1920తో భాగిస్తే గంటకు 56.33. అంటే పైకి ఆరు డాలర్ల తేడా కనిపిస్తున్నా అసలు తేడా 1.67 మాత్రమే, ఏడాదికి 3,200. ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఏజెన్సీ తన వాటాగా నెలకు 267 డాలర్లకు మించి కడుతుంటే రెండోదే ముందుంటుంది.

కానీ ఆ పీటీవో మొదటి రోజే చేతికి రాదు. 80 గంటలు 26 పే పీరియడ్‌లకు సర్దుతారు, అంటే రెండు వారాలకు 3.08 గంటలు. ప్రాజెక్ట్ నాలుగో నెలలో ఆగిపోతే వాడని గంటలకు డబ్బు ఇవ్వాలని టెక్సస్ చట్టం బలవంతపెట్టదు, కంపెనీ రాతపూర్వక పాలసీలో ఉంటేనే ఇస్తారు. ఆ పాలసీ పేజీ అడిగి తీసుకోండి. డిసెంబర్ చివరి వారం క్లయింట్ షట్‌డౌన్ ఉంటుందేమో కూడా కనుక్కోండి. ఉంటే ఇద్దరి లెక్కలోంచీ ఇంకో 40 గంటలు కదులుతాయి.

ఇక 68. సీ2సీ అంటే మీ కంపెనీకి వచ్చే డబ్బు, మీ జీతం కాదు. డబ్ల్యూ2లో ఏజెన్సీ కట్టే 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వాటా ఇక్కడ మీ కంపెనీ కట్టాలి. 68 × 1920 = 1,30,560. లయబిలిటీ ఇన్సూరెన్స్, అకౌంటెంట్, పేరోల్ సర్వీస్‌కి ఏడాదికి 5,000 అనుకుందాం. మిగిలిన 1,25,560ని 1.0765తో భాగిస్తే 1,16,637. డబ్ల్యూ2 భాషలో చెప్పాలంటే గంటకు 60.75.

కాబట్టి మీరు పోల్చాల్సిన అంకెలు 58, 56.33, 60.75.

మల్లెపందిరి

చాలా థాంక్స్ అండీ, ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. రెండు విషయాలు చెప్పడం మర్చిపోయాను. ఇన్సూరెన్స్ మావారి కంపెనీ నుంచి ఉంది. ఇంకోటి, 58 ఇస్తామన్న ఏజెన్సీకి ఫోన్ చేస్తే "46 ట్యాక్సబుల్, 12 పర్ డీమ్ (బస, భోజనం ఖర్చుల భత్యం), చేతికి ఎక్కువొస్తుంది" అన్నారు. ఇది మెయిల్‌లో లేదు.

పేరోల్_పద్దు

ఇన్సూరెన్స్ ఉందంటే రెండో ఆఫర్‌లో మీకు పనికొచ్చేది సెలవులే. 56.33 దగ్గరే ఆగుతుంది.

పర్ డీమ్ మాత్రం ఒప్పుకోకండి. పన్ను లేకుండా పర్ డీమ్ ఇవ్వాలంటే మీ ట్యాక్స్ హోమ్ (మామూలుగా మీరు పనిచేసే ఊరు) ఒకచోట ఉండి, పని కోసం మరోచోట రాత్రి బస చేయాల్సి రావాలి. ఆ పని ఏడాదికి మించదన్న అంచనా కూడా ఉండాలి. ఇర్వింగ్ నుంచి ప్లేనోకి కారులో వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే మీకు ఇది వర్తించదు. తనిఖీలో బయటపడితే ఆ 12 కూడా జీతం కిందే లెక్కవుతుంది. ఈలోగా సోషల్ సెక్యూరిటీ రికార్డులో, ఇంటి లోన్ ఇచ్చే బ్యాంకు చూసే డబ్ల్యూ2 ఫారంలో, నిరుద్యోగ భృతి లెక్కలో అన్నిచోట్లా మీ జీతం 46గానే ఉంటుంది. "58 మొత్తం ట్యాక్సబుల్ వేజ్" అని మెయిల్‌లో రాయించుకోండి. "రాయం" అన్నారంటే అది 58 ఆఫర్ కాదు.

కృష్ణఒడ్డు

68 గురించి ఇంకో మాట. నెట్ 45 అంటే ఇన్‌వాయిస్ ఇచ్చాక 45 రోజులు. ఒకటో తారీఖున చేరితే నెలాఖరుకి ఇన్‌వాయిస్, మొదటి చెక్కు దాదాపు 75వ రోజుకి. అప్పటికి వాళ్ల దగ్గర ఇరుక్కున్న మీ డబ్బు, నెలకు 160 గంటల లెక్కన రెండున్నర నెలలకి 27,200 డాలర్లు. కాంట్రాక్ట్‌లో "క్లయింట్ మాకు ఇచ్చాకే మీకు ఇస్తాం" అన్న వాక్యం వెతకండి. అది ఉంటే 45 రోజులకీ హామీ లేదు. డబ్ల్యూ2లో అయితే క్లయింట్ కట్టినా కట్టకపోయినా చేసిన గంటలకి ఏజెన్సీ జీతం ఇవ్వాల్సిందే. గంటకు 2.75 ఎక్కువొస్తుందని ఈ రిస్క్ తీసుకోవచ్చా అంటే, నా అభిప్రాయంలో కనీసం నెట్ 30కి దిగి, ఆ వాక్యం తీసేస్తే తప్ప వద్దు.

కంపెనీ పెట్టకుండా 1099 (స్వతంత్ర కాంట్రాక్టర్) మీద తీసుకున్నా ఏజెన్సీ వాటా, ఉద్యోగి వాటా రెండూ మీవే. నికర ఆదాయంలో 92.35 శాతం మీద 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ పడుతుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15 తేదీల్లో ముందస్తు పన్ను కట్టకపోతే పెనాల్టీ పడొచ్చు.

వరంగల్_బిడ్డ

అక్కా, ఇదే 68ని హెచ్1బీ వాళ్లు చూస్తే లెక్క వేరే. వాళ్ల సీ2సీ డబ్బు ఎంప్లాయర్‌కి పోతది, "80/20" అంటరు, 80 శాతం ఉద్యోగికి, 20 ఎంప్లాయర్‌కి. 68లో 80 శాతం అంటే 54.40. ఆ 7.65 శాతం ఎంప్లాయర్ ట్యాక్స్ ఎవరి వాటాల నుంచి పోతదో రాతల ఉండాలె. 20లకెల్లి కడితే 54.40 మీకే. 80లకెల్లి తీస్తే 54.40ని 1.0765తో భాగించాలె, 50.53 మిగులుతది. గంటకు 3.87, 1920 గంటలకు 7,430 డాలర్లు. ఒక్క లైన్ అడగకపోతే ఇంత పోతది.

ఇంకోటి, హెచ్1బీ మీద ప్రాజెక్ట్ లేని రోజులకు కూడా ఎల్‌సీఏల (హెచ్1బీ కోసం ఎంప్లాయర్ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి పెట్టే దరఖాస్తు) రాసిన జీతం ఇయ్యాలె. బెంచ్ అని ఆపడానికి లేదు. పర్ డీమ్‌ని ఆ జీతం కింద లెక్కకట్టడానికీ లేదు. ఇయ్యకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి డబ్ల్యూహెచ్-4 ఫారం పెట్టొచ్చు. ఎఫ్1 ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద పని అనుమతి) పిల్లలకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా జీతంలకెల్లి పోయే 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండదు. పే స్టబ్‌ల కోస్తున్నరంటే పేరోల్‌కి ఎంబటే చెప్పాలె.

మల్లెపందిరి

అందరికీ కృతజ్ఞతలు. మూడు ఏజెన్సీలకీ ఇప్పుడే పంపిన మెయిల్ ఇది, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి:

"క్లయింట్ పేరు, జాబ్ ఐడీ తెలపగలరు. గంట రేటు మొత్తం ట్యాక్సబుల్ వేజేనా? హాలిడే, పీటీవో పాలసీ జతచేయగలరు. సీ2సీ అయితే నెట్ 30 సాధ్యమా, చెల్లింపు మీ క్లయింట్ చెల్లింపుతో ముడిపడి ఉందా? సమాధానాలు అందాక ఒక్కరికే ఆర్‌టీఆర్ ఇస్తాను."

మొదటివాళ్ల జవాబు పది నిమిషాల్లో వచ్చింది. మొత్తం ట్యాక్సబుల్ అయితే 55 ఇస్తామంటున్నారు.

పేరోల్_పద్దు

55 × 1920 = 1,05,600. రెండో ఆఫర్ 1,08,160. ఇప్పుడు రెండోవాళ్ల పీటీవో పాలసీ చూశాకే నిర్ణయించండి. వాళ్లని 54 అడిగి చూడండి, 54 × 2080 = 1,12,320 అవుతుంది.