ఎమీ షెరాల్డ్ బొమ్మల్లో ఒంటికి బూడిద రంగు ఎందుకు?

శ్యామల: వాషింగ్టన్‌ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో మిషెల్ ఒబామా బొమ్మ చూశాను. 2018లో పెట్టారు. గౌను అదిరింది. అలబామా నల్లజాతి ఆడవాళ్లు కుట్టే గీస్ బెండ్ బొంతలు గుర్తొచ్చాయి. కానీ ముఖం, చేతులు బూడిద! నల్లజాతి స్త్రీల అందాన్నీ, సంతోషాన్నీ చూపిస్తుందని ఇంత పేరున్న అమెరికా నల్లజాతి చిత్రకారిణి ఎమీ షెరాల్డ్, ఆ ఒంటి రంగే ఎందుకు తీసేసింది?

కుంచె: శ్యామల గారూ, ఒక్క మిషెల్‌నే కాదు, ఆవిడ అందరినీ అలాగే వేస్తుంది. పాత నలుపు-తెలుపు ఫొటోల ప్రభావం. చూసేవాళ్లు జాతిని లెక్కగట్టే ముందు మనిషిని చూడాలని. 2016లో అదే గ్యాలరీ పోటీలో గెలిచిన బొమ్మ చూడండి. ఎర్ర టోపీ, చుక్కల గౌను, తెల్ల గ్లౌజులు, చేతిలో పేద్ద టీ కప్పు. ఎంత దర్జా!

గాలిపటం: రంగు సంగతి తర్వాత, అసలు మిషెల్ పోలికే రాలేదు.

శ్యామల: మరి ఇంకో నల్లజాతి చిత్రకారిణి మికలీన్ థామస్? 2010లో ఫ్రెంచ్ చిత్రకారుడు మానే వేసిన పాత బొమ్మని తన పద్ధతిలో మళ్లీ వేసి, అందులో ముగ్గురు నల్లజాతి ఆడవాళ్లని కూర్చోబెట్టింది. మెరిసే రాళ్లు, పూల బట్టలు, గోధుమరంగు ఒళ్లు. దర్జాకి రంగు అడ్డం రాలేదే! నా పెళ్లి ఆల్బమ్‌లో స్టూడియోవాడు నన్ను తెల్లగా చేసేశాడు. అత్తగారు తెగ మురిసిపోయారు. ఆ ఫొటోల్లో ఉన్నది నేను కాదు.

కుంచె: పెళ్లి ఆల్బమ్‌కీ దీనికీ ఏం సంబంధమండీ? బూడిద రంగు తెలుపు కాదు.

శ్యామల: నలుపూ కాదు!

పప్పుచారు: థామస్ బొమ్మ రేటెంత ఉంటుంది? ఊరికే అడిగా.

శ్యామల: మీకు రంగు తీసేస్తేగానీ ఆవిడ మనిషిలా కనిపించట్లేదు. అదీ నా మంట.

కుంచె: నోరు జారకండి. మా ఇంట్లో అందరం నలుపే. ఏ పెళ్లికెళ్లినా దాని మీదే మాట. విని విని విసుగొచ్చింది. ఒక్క బొమ్మ దగ్గరైనా ఆ ఊసు లేకుండా నిలబడదామంటే, అక్కడికీ మోసుకొచ్చారు మీరు. ఆ అమ్మాయిని టీ తాగనివ్వరా?

శ్యామల: తాగమనండి, నల్లగానే తాగమనండి! ఊసెత్తకపోతే మీకు హాయి. నాకు ఆ నలుపుని ముస్తాబు చేసి గోడకెక్కిస్తే హాయి. పైగా చేతులకి గ్లౌజులు కూడా తొడిగింది.

కుంచె: అయిపోయింది, ఇక గ్లౌజుల మీద పడ్డారు.