డీబీ7 ఆరు సిలిండర్ల బండి: ఐడిల్‌లో సూపర్‌చార్జర్ దగ్గర గలగల, కప్లరా బేరింగా?

ప్రశ్న:
1996 ఆస్టన్ మార్టిన్ డీబీ7, 3.2 లీటర్ల ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్. బండి ఇంగ్లండ్‌లోనే ఉంది. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ముందువైపు నుంచి డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు గలగలమంటోంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కి 1,200 ఆర్‌పీఎం దాటిస్తే శబ్దం పోతుంది. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రం) మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. అంత అవసరమా? ఇంకోటి, ఎండ రోజున ట్రాఫిక్‌లో పావుగంట ఆగితే తర్వాత పికప్ తగ్గుతోంది. రెండింటికీ కారణం ఒకటేనా?

జవాబు 1:
అప్పుడే యూనిట్ జోలికి వెళ్లకండి. ముందు క్లచ్ తొక్కి చూడండి. శబ్దం ఆగిపోతే అది గేర్‌బాక్స్‌ది, సూపర్‌చార్జర్‌ది కాదు. ఆగకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ కొన సూపర్‌చార్జర్ ముక్కు (పుల్లీ ఉన్న ముందు భాగం) మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టి వినండి. బెల్టుకు, ఫ్యానుకు చేతులు, బట్టలు తగలకుండా చూసుకోండి.

మీరు చెప్పిన లక్షణాలు మీ బండిలోని ఈటన్ ఎం90 సూపర్‌చార్జర్‌లో కప్లర్ అరుగుదలవి. పుల్లీ షాఫ్టుకూ, లోపల తిరుగుతూ గాలిని నెట్టే రోటర్ల గేరుకూ మధ్య పిన్నుల మీద కూర్చునే చిన్న ప్లాస్టిక్ ముక్క అది. ఐడిల్‌లో ఇంజిన్ వేగం క్షణక్షణం కొద్దిగా మారుతుంటుంది కాబట్టి, సాగిపోయిన రంధ్రాల్లో పిన్నులు అటూ ఇటూ కొట్టుకుంటాయి. వేగం పెరిగితే లోడు ఒకే వైపు పడి శబ్దం ఆగుతుంది. బేరింగ్ పోతే ఇలా ఆగదు, వేగంతో పాటు ఊళ పెరుగుతుంది.

ఇంజిన్ ఆపి, చల్లారాక బెల్టు తీసి పుల్లీని చేత్తో అటూ ఇటూ తిప్పండి. రోటర్లు కదలకముందే పుల్లీ వదులుగా ఆడితే కప్లరే. పుల్లీని పైకీ కిందికీ ఊపినప్పుడు ఆడితే మాత్రం ముందు బేరింగ్, దానితో సీలూ చూడాల్సిందే. పుల్లీ వెనక నూనె చారలున్నా అంతే.

జవాబు 2:
కప్లర్ మార్చడం గురించి. ముక్కు భాగంలో నూనె వేరే ఉంటుంది, ఇంజిన్ ఆయిల్‌తో సంబంధం లేదు. పాత నూనెను ఫిల్లర్ రంధ్రంలోంచి సిరంజితో లాగేయండి. కంపు భరించలేరు, అది మామూలే. బోల్టులన్నీ తీశాక ముక్కు సీలెంట్‌తో అంటుకుని ఉంటుంది. అల్యూమినియం ముఖాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, గీత పడితే అక్కడే కారుతుంది. పుల్లీ ప్రెస్‌తో బిగించినది, కప్లర్ కోసం దాన్ని తీయనక్కర్లేదు.

కొత్త కప్లర్ కొనేముందు పిన్నుల వ్యాసం, వాటి మధ్య దూరం కొలుచుకోండి. సీలెంట్ పల్చటి గీతలా చాలు. ఎక్కువైతే లోపలికి పిండుకొచ్చి నూనెలో పడుతుంది. నూనె సూపర్‌చార్జర్‌కు తయారుచేసిన సింథటిక్‌దే పోయాలి. 118 మి.లీ. సీసాలు రెండు దగ్గర పెట్టుకోండి. ఇంజిన్ చల్లగా, బండి సమతలం మీద ఉన్నప్పుడు ఫిల్లర్ రంధ్రం కింది మర దాకా పోయాలి. అంతకు మించి పోస్తే వేడికి వ్యాకోచించి సీలు మీద ఒత్తిడి పెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పుల్లీ పైకీ కిందికీ ఆడటం లేదు. అటూ ఇటూ మాత్రం బాగా వదులు. కప్లరే అయ్యుంటుంది. మరి పికప్ సంగతి?

జవాబు 1:
అది వేరే జబ్బు. సూపర్‌చార్జర్ నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు నీళ్లు తిప్పే చిన్న ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది, ముందు దాన్నే అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా పంపు వంటి మీద చెయ్యి పెడితే సన్నటి అదురు తెలియాలి. అదురు లేకపోతే కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి. కరెంటు వస్తున్నా తిరగకపోతే పంపు పోయినట్టే. తిరుగుతున్నా చల్లబడకపోతే గొట్టాల్లో గాలి ఇరుక్కుని ఉంటుంది, లేదా ముందున్న రేడియేటర్ రెక్కల్లో చెత్త పేరుకుని ఉంటుంది. లోపలికి వెళ్లే గాలి వేడెక్కితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే నిప్పురవ్వ ఆలస్యంగా వేస్తుంది, మీకు తెలిసే నీరసం అదే.

జవాబు 3:
ఐడిల్‌లో గాలిని రోటర్లకు పక్కదారిలో మళ్లించే బైపాస్ వాల్వ్ కూడా మరవకండి. దాన్ని కదిలించే వ్యాక్యూమ్ డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగితే ఐడిల్‌లో వాల్వ్ తెరుచుకోదు, గాలి అనవసరంగా రోటర్లలో చిలకబడి వేడెక్కుతుంది. వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి చేతి పంపుతో లాగితే లివర్ కదిలి, అలాగే నిలబడాలి.

విడిభాగాలు వెతికేటప్పుడు ఇంకో జాగ్రత్త. 1999లో వచ్చిన డీబీ7 వాంటేజ్‌ది వీ12, దానికి సూపర్‌చార్జరే లేదు. ఆస్టన్ మార్టిన్ న్యూపోర్ట్ పాగ్నెల్‌లో 1993 నుంచి చేసిన వాంటేజ్ డీబీ7 కాదు, వేరే బండి. అది 5.3 లీటర్ల వీ8, దానికి రెండు సూపర్‌చార్జర్లు. ఒక్క ‘వాంటేజ్’ అనే పేరు చూసి ఆర్డర్ పెడితే మీ బండికి పట్టని సామాను వస్తుంది. ఛాసిస్ నంబరు చెప్పి అడగండి.