మలావి మెడికల్ క్యాంపులో చూసిన దేవుని కార్యాలు మరుగున పడకుండా ఎలా రాసిపెట్టుకోవాలి?

ప్రశ్న (క్యాంపు_ఫార్మసీ):
అందరికీ వందనాలు. మా సంఘం నుంచి డాక్టర్లు, నర్సులు కలిసి ఆఫ్రికాలోని మలావి దేశానికి వెళ్తున్నాం. పల్లెల్లో ఓపీ, ఒక మిషన్ ఆసుపత్రిలో కంటి ఆపరేషన్లు. ఇలాంటి ప్రయాణాల్లో దేవుడు చేసినవన్నీ, తిరిగొచ్చాక ఆదివారం సాక్ష్యంలో "గొప్ప కార్యాలు జరిగాయి" అన్న ఒక్క మాటతో అయిపోతున్నాయి. ఎవరికి, ఏ ఊళ్లో, ఏం జరిగిందో ఆరు నెలలకే కలగాపులగం. ఏం రాయాలి? ఎప్పుడు రాయాలి? దేన్ని అద్భుతం అనొచ్చు?

జవాబు (వార్డు_సిస్టర్):
ఆ రాత్రే రాయాలండి. భోజనాలయ్యాక, టీమ్ మీటింగ్‌కి ముందు పావుగంట చాలు. మీటింగ్‌లో పదిమందీ మాట్లాడాక కళ్లారా చూసిందేదో, చెవిన పడిందేదో విడదీయలేం. లాంగ్ నోట్‌బుక్, బాల్‌పెన్ తీసుకెళ్లండి. జెల్ పెన్ రాత చెమట చేయి తగిలితే అలుక్కుపోతుంది.

ఎడమ పేజీలో చూసింది మాత్రమే: తేదీ, ఊరు, సుమారు వయసు, వచ్చినప్పటి స్థితి, ఇచ్చిన మందు, ఎంతసేపటికి ఏం మారింది, పక్కన ఎవరున్నారు. పేషెంటు పేరు వద్దు. కుడి పేజీలో ప్రార్థన, ఆ వేళ గుర్తొచ్చిన వాక్యం, మీ మనసులో మాట.

ఉదాహరణకి, మలేరియాతో స్పృహ తప్పిన పిల్లాణ్ణి తల్లి భుజాన వేసుకొస్తుంది. గ్లూకోమీటర్‌లో షుగర్ బాగా పడిపోయి ఉంటుంది. 10 శాతం డెక్స్‌ట్రోజ్ (నరానికి ఎక్కించే గ్లూకోజు ద్రావణం) కిలో బరువుకి 5 మి.లీ. చొప్పున ఎక్కిస్తే కొన్ని నిమిషాల్లోనే కళ్లు తెరిచి అమ్మ కోసం వెతుక్కోవచ్చు. చుట్టూ మోకరించినవాళ్లకి అది చచ్చి బతికినట్టే కనిపిస్తుంది. అయినా "చనిపోయినవాడు లేచాడు" అని రాయకండి. షుగర్ ఎంత, డెక్స్‌ట్రోజ్ ఎంత, కళ్లు ఎన్నింటికి తెరిచాడు, అంతే రాయండి. ఆ తల్లి క్యాంపు ఎత్తేయకముందే చేరుకోవడం, పెట్టెలో ఇంకా షుగర్ టెస్టు స్ట్రిప్పులు మిగిలి ఉండడం కుడి పేజీకి వెళ్తాయి. మందు పేరు రాస్తే దేవుని మహిమకి వచ్చే లోటేమీ లేదు. ఆయన చేయి ఆ సీసాలో కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మలేరియా ర్యాపిడ్ టెస్టు మీద మాత్రం సాక్ష్యం కట్టకండి. రోగం నయమయ్యాక కూడా రక్తంలో యాంటిజెన్ (ఆ టెస్టు పసిగట్టే మలేరియా క్రిమి ప్రోటీన్) మిగిలి చాలా టెస్టులు వారాల తరబడి పాజిటివ్ చూపిస్తాయి. జ్వరం, స్పృహ, వీలైతే రక్తపు స్మియర్ (మైక్రోస్కోపులో క్రిముల కోసం చూసే రక్తపు చుక్క పరీక్ష) చూసి రాయండి.

శుక్లాల ఆపరేషన్ అయితే ముందు చూపు ఎంతో ("చేతి కదలిక మాత్రమే తెలుస్తోంది" అని), మర్నాడు కట్టు విప్పాక చార్టులో ఎన్నో లైను చదివారో అంకెల్లో ఉండాలి. మొదటి రోజు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వాపు వల్ల కొందరికి మసకగానే ఉంటుంది. అది చూసి నిరాశగా రాసేయకుండా నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత అక్కడి ఆసుపత్రిని అడగండి. ఆ జవాబు రాసుకోవడానికి పేజీ కింద నాలుగు గీతలు ఖాళీ వదలండి.

జవాబు (ఏఆర్‌టీ_కౌన్సిలర్):
పై జవాబుకి ఒక్కటి కలుపుతాను, ఇది ప్రాణాల మీదకొచ్చే సంగతి. "నీకు స్వస్థత అయిపోయింది" అని పేషెంటుతో ఎవరూ అనకూడదు. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లకి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) కనిపించకపోవడం అంటే మందు పనిచేస్తోందని. ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా రావొచ్చు. యేసు ప్రభువు కూడా కుష్ఠురోగిని బాగుచేసి, వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మన్నాడు (మార్కు 1:44). అంటే పరీక్ష చేయించుకోమనే. మనమూ అక్కడి క్లినిక్‌కే పంపాలి.

మలావిలో పేషెంట్లు హెల్త్ పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం వెంట తెస్తారు. సాక్ష్యం కోసమని దాని పేజీలకి ఫోటో తీయొద్దు. హెచ్‌ఐవీ వివరాలు కూడా అందులోనే ఉంటాయి. ముఖం ఫోటో కావాలంటే వైద్యం అయ్యాక, వాళ్ల భాషలో అడిగి తీసుకోండి. వైద్యానికి ముందు అడిగితే, కాదంటే మందు ఇవ్వరేమోనన్న భయంతో తల ఊపుతారు.

జవాబు (ఆర్‌సీఎం_విచారణ):
ఏది అద్భుతం అన్నదానికి మా కతోలికుల్లో పాత కొలత ఒకటుంది. ఫ్రాన్స్‌లోని లూర్దు మాత పుణ్యక్షేత్రంలో స్వస్థతల్ని ఇప్పటికీ దాంతోనే తూస్తారు. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, రోగనిర్ధారణ ఖాయంగా ఉండాలి, వాడిన మందు ఆ స్వస్థతకి కారణమై ఉండకూడదు, స్వస్థత హఠాత్తుగా, పూర్తిగా, తిరగబెట్టకుండా ఉండాలి. అక్కడ మరియమాత దర్శనాలు జరిగాయని చెప్పే 1858 నుంచి లెక్కిస్తే, గుర్తింపు పొందిన 70వ స్వస్థతని ప్రకటించింది 2018లో. క్యాంపులో ఇంత తేల్చడం కుదరదు. కాబట్టి నోట్‌బుక్‌లో "దేవుడు చేసిన మేలు" అని రాసుకోండి. "అద్భుతం" అన్న మాట తర్వాత వచ్చే కబురు కోసం దాచండి.

జవాబు (మీడియా_టీమ్):
ఫోటోల సంగతి. మలావి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. కెమెరాలో టైము మార్చకపోతే అక్కడ రాత్రి తొమ్మిదికి తీసింది ఇక్కడి లెక్కలో అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, అంటే మర్నాటి తేదీ అవుతుంది, నోట్‌బుక్ తేదీతో కలవదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే తీసిన తేదీ వివరం పోతుంది. అసలు ఫైళ్లు రోజూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.

ప్రశ్న (క్యాంపు_ఫార్మసీ):
చాలా థాంక్సండి. ప్రార్థించినా దక్కనివాళ్ల గురించి కూడా రాయాలా?

జవాబు (వార్డు_సిస్టర్):
తప్పకుండా రాయాలి, అదే నోట్‌బుక్‌లో, అదే వరసలో. 77వ కీర్తన చూడండి, ఆసాపు నిద్రపట్టని రాత్రి మొరపెట్టుకుంటూనే దేవుని పూర్వకార్యాల్ని గుర్తు చేసుకుంటాడు. బాగైనవాళ్లే ఉన్న పుస్తకం, బిడ్డని పోగొట్టుకుని మన సంఘంలో కూర్చున్న తల్లికి ఏం చెబుతుంది? సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక్కరి సంగతే, ఐదు నిమిషాల్లో, పేజీ చూసి చదవండి. అక్కడి నర్సులు, దుబాసీలు చేసిన పని కూడా అందులో రావాలి. మనం విమానం ఎక్కాక ఆ పేషెంట్లని చూసుకునేది వాళ్లే.